సబ్బు పెట్టిన మూతిగుడ్డ

పొద్దున బట్టలు నానబెడుతుంటే సబ్బు బిళ్ల బకెట్లో జారిపడి నీళ్ల మీద నురగ లేచింది. ఆ వాసన తగలగానే పకపకా నవ్వేశాను. పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి, "ఏమైందే, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అంది. ఏం చెప్పను? లచ్చవ్వ గుర్తొచ్చిందంటే ఈమెకేం తెలుసు! నురగ చూస్తే అందరికీ ఉతకాల్సిన బట్టలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఒక సర్పంచ్ చెప్పులు వదిలేసి పరుగెత్తడం గుర్తొస్తుంది.

లచ్చవ్వది సిరిసిల్లలో లంగాలు కుట్టే షెడ్డు. నాలాంటి ఆడవాళ్లం కొందరం అక్కడ మిషన్ల మీద కుట్టేవాళ్లం. తండ్రి మగ్గం పక్కన, నూలుకు పెట్టే గంజి వాసనలో పెరిగిన మనిషి ఆమె. ఆమెకో మొండిపట్టు ఉండేది. కొత్త కొలతతో లంగా ఏది కుట్టినా మొదటిది తనే కట్టుకుని రోజంతా తిరగాలి. నాడా జారిందా, మా పని అయిపోయినట్టే. "నా ఒంటి మీద ఆగనిది ఇంకొకల ఒంటి మీద ఎట్లాగుతదే?" అంటూ ఒక చేత్తో లంగా పట్టుకుని, రెండో చేత్తో చెవి మెలిపెట్టేది. ఎక్కువసార్లు నా చెవే దొరికేది.

అంతలో కరోనా వచ్చిపడింది. లంగాలు కొనే దిక్కు లేదు. దుబాయిలో మా ఆయనకు జీతం ఆగింది. షెడ్డు కూడా మూతపడితే నేను కోరుట్ల పోయి అమ్మ పక్కన బీడీలు చుట్టుకోవడమే. సరిగ్గా అప్పుడు చందుర్తి అవతల ఒక ఊరి సర్పంచ్ ఫోన్ చేశాడు. ఉపాధి పనికి పోయే కూలీలకు మాస్కులు కావాలట. "ముందుగాల ఒకటి చూపియ్యక్కా. నచ్చితే అన్నీ నీకే. కొత్త బట్ట గదా, జర సబ్బు పెట్టి తే," అన్నాడు.

ఉతికి తెమ్మని అతని ఉద్దేశం. కానీ నేతవాళ్ల ఇంట్లో పెట్టడమంటే గంజి పెట్టడమే. ముంచాలి, పిండాలి, ఆరెయ్యాలి. జాడించే మాటే లేదు. లచ్చవ్వ సబ్బు తురిమి, నీళ్లలో చిక్కగా కలిపి, మాస్కును అందులో ముంచి ఎండలో వేసింది. అది అప్పడంలా బిగుసుకుంది.

"జాడియ్యద్దా అవ్వా?" అన్నాను.

"గంజి పెట్టి జాడిస్తరానే? టీవీల చూడలే? సబ్బు తగిలితే గా వైరస్ సస్తదంట. ఇగ గిది మూతికాడనే కావలుంటది!"

నిజమే కదా అనిపించింది. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఎప్పటిలాగే మొదటిది తనే కట్టుకుంది. నన్ను వెంటేసుకుని ఆటో ఎక్కింది. దారంతా నోరు మెదపలేదు కాబట్టి ఏమీ కాలేదు. పంచాయతీ ఆఫీసు ముందు దిగేసరికి మండే ఎండ, ముఖమంతా చెమట. "దూరం, దూరం!" అని మమ్మల్ని గేటు దగ్గరే ఆపిన సర్పంచ్, తనున్న చోటి నుంచే చూసి బట్ట పలచగా ఉందేమో అన్నాడు. ఇంకేముంది!

"సిరిసిల్ల బట్టకు వంక పెడ్తవా తమ్మీ?" అని అందుకుంది లచ్చవ్వ. ఊపిరికి, చెమటకు మాస్కు తడిసింది. అంచుల్లోంచి తెల్లగా నురగ పొంగి గడ్డం మీదికి కారింది. ఆమె మాత్రం ఆపలేదు.

"ఓ అక్కా! మందు తాగినవా ఏంది!" పురుగుల మందు అనుకుని సర్పంచ్ కేక పెట్టాడు. దూరం సంగతి మరిచి, చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు. "ఆర్డర్ నీకే ఇస్త, పానం తీసుకోకు! ఎవలన్న ఆటో తెండ్రి!"

లచ్చవ్వ మాస్కు లాగి తుపుక్కున ఉమ్మింది. "మందు గాదు తమ్మీ, సబ్బు! నువ్వే గదా పెట్టి తెమ్మన్నవ్!"

"ఉతికి తెమ్మన్ననక్కా!"

"గట్లయితె ఉతుకుమనాలె. పెట్టుమంటివి, పెట్టిన."

అతను గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. నాకైతే ఏడుపొచ్చింది. భయంతో అన్న మాట భయం పోగానే పోతుంది, ఆర్డర్ చేజారినట్టే అనుకున్నాను. లచ్చవ్వ కొంగుతో మూతి తుడుచుకుని, మెల్లగా అంది: "నవ్వు తమ్మీ. గని నురగ నా మూతికే అచ్చింది, నీ కూలోళ్ల మూతికి రాలే. గందుకే ఏదన్న ముందుగాల నేను కట్టుకుంట."

సర్పంచ్ నవ్వు ఆగిపోయింది. "అన్నీ నువ్వే కుట్టక్కా. జాడిచ్చి తే," అన్నాడు.

అలా షెడ్డు నిలబడింది, దాంతోపాటు నేనూ. ఆ తర్వాత ఉతికిన ప్రతి మూట నుంచి ఒక మాస్కు తీసి తను కట్టుకునేది. నురగ వస్తుందో రాదో తెలియాలంటే మాట్లాడాలి కదా, అందుకని నన్ను తిట్టేది. తిట్టి తిట్టి, మధ్యలో ఆపి, "నురగ లేదు, సక్కగున్నది," అని మూట కట్టించేది.

పోయినేడు లచ్చవ్వ పోయింది. షెడ్డు నేనే చూసుకుంటున్నాను. తిట్టేవాళ్లు లేక చెడ్డ దిగులుగా ఉంటుంది. ఇవాళ కొత్త కొలత లంగా మొదటిది కట్టుకుని పొద్దుటి నుంచి తిరుగుతున్నాను. నాడా కొంచెం జారుతోంది. అద్దం ముందు నిలబడి నా చెవి నేనే మెలిపెట్టుకున్నాను.