పాలిష్ పట్టించిన జాడీలు

పాత స్టూడియో పాటరీకి, అంటే కళాకారులు సొంత బట్టీల్లో చేసిన మట్టిపాత్రలకు, వెలకట్టి, కొని, మళ్లీ అమ్మడం నా పని. ఖమ్మంలో ఈ మాట చెబితే నన్ను పాత సామాన్లవాడి కింద జమకట్టేస్తారు. వాళ్లతో నాకు పేచీ లేదు, తెలియదని ఒప్పుకుంటారు. నాకు ఒళ్లు మండేది తెలిసినట్టు మాట్లాడే కొనుగోలుదార్లను చూస్తేనే. కుమ్మరి సారె మీద ఒక మనిషి చేత్తో తీర్చిన కూజాను కొని, హాల్లో లైటు కింద పెట్టి, ఇది భద్రాచలం అడవిలో దొరికిందని చుట్టాలకు చెప్పుకుంటారు. చేసిన మనిషి పేరు చెప్పబోతే ముఖం మాడ్చుకుంటారు. వాళ్లకు అడవి కావాలి, అదీ ఏసీ గదిలో.

ఆ రోగం పాల్వంచ దాకా పాకిందని మొన్న వానాకాలంలో తెలిసింది. వాళ్లమ్మ చేసిన జాడీలున్నాయి, వచ్చి చూడమని అక్కడి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆ తల్లి గురించి నేను చాలా విన్నాను. భర్త పవర్ స్టేషన్‌లో ఇంజనీరు. ఆయన డ్యూటీకి వెళ్తే ఈమె క్వార్టర్ వెనక బట్టీ పెట్టుకుని, ఆ స్టేషన్ బూడిదనే పూతలో కలిపి జాడీలు కాల్చేది. నానిన పెసల రంగు వచ్చేది. మట్టి పచ్చిగా ఉండగానే ప్రతి జాడీ అడుగున ఒక చింతాకు అద్ది, పక్కన తన పేరు గీసేది. అలాంటిది ఒక్కటైనా నా చేతికి రావాలని ఎన్నాళ్లుగానో ఆశ. ఇప్పుడామెకు చేతులు వణుకుతాయి, చూపు దాదాపు పోయింది.

బస్సు దిగి వెళ్లేసరికి జాడీలన్నీ సోఫా ముందు వరసగా పెట్టి ఉన్నాయి. మొదటిది తీసి తిరగేశాను. అడుగు అద్దంలా మెరుస్తోంది. ఆకు లేదు, పేరు లేదు. పక్కదీ అంతే.

"ఖమ్మంల మా బామ్మర్ది గ్రానైట్ ఫ్యాక్టరీల పాలిష్ పట్టించిన సార్," అన్నాడాయన, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

హైదరాబాద్ బేరగాడెవడో సలహా ఇచ్చాడట. పేరుంటే ఇంట్లో చేసినవని తెలిసిపోతుంది, లేకుంటే అడవి పల్లెల పురాతన వస్తువులుగా చెల్లుతాయట. నేను కాగితం మీద అలా రాసిస్తే చాలట. ఆ పల్లెల్లో ఏ ఇంట్లోనూ ఇలాంటి జాడీ ఉండదు, వాళ్లు చూస్తే నవ్వుతారు అన్నాను. కొనేది వాళ్లు కాదు కదా అన్నాడు. తల్లి బతికుండగానే ఆమె పేరు అరగదీయించి, అదేదో ఘనకార్యమన్నట్టు చెప్పుకునే మనిషితో ఏం మాట్లాడతాం? అసహ్యం వేసింది. రాయనని చెప్పి లేచాను.

అంతలో ఆమె గోడ పట్టుకుంటూ హాల్లోకి వచ్చింది. నేనెవరో చెప్పగానే ముఖం వెలిగిపోయింది. కాగితంలో తన పేరు తప్పుల్లేకుండా రాయమంది. జాడీలు ఏ ఊరు పోయినా సరే, చేసింది తనేనని తెలిస్తే చాలంది. ఒకటి ఒళ్లో పెట్టుకుని, అలవాటుగా బోర్లించి, బొటనవేలితో అడుగంతా తడిమింది. ఇంకోటి ఇమ్మంది. అదీ తడిమింది.

"నా పేరేమైంది?" అని కొడుకునడిగింది.

"గట్లయితెనే రేటొస్తదమ్మా."

ఆమె జాడీని కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అయితే ఇవి నేను చేసినయి కావు బిడ్డా. అమ్ముకో."

కొడుకు ముఖం విప్పారింది. "ఇన్నరు గదా సార్, అమ్మనే చేయలేదంటున్నది. ఇగ రాయుండ్రి," అని పెన్ను నా చేతిలో పెట్టాడు.