రాజేశమన్న ఇవ్వని పరుగు

రాజేశమన్న ఇక లేడని మొన్న ఉదయం వేములవాడ నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటన్నారు. నేను నిర్విణ్ణుడనై నా ఎడమ అరచేతిని చూసుకుంటూ కూర్చుండిపోయాను. బేస్‌బాల్‌లో ఆయన బంతి విసిరే పిచ్చర్, నేను బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని దాన్ని అందుకునే క్యాచర్‌ను. ఆయన బంతుల వేడి ఆ చేతికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ నివాళి దుఃఖంతో రాయవలసింది. అసహ్యంతో రాస్తున్నాను.

ఆయన మరమగ్గాల ఇంట పుట్టినవాడు. ఆదిలాబాద్ పత్తి మిల్లుల యజమానులు జీతాలిచ్చి జట్లను ఆడించిన రోజుల్లో మా జట్టుకు ప్రాణం ఆయనే. మితభాషి, స్నేహశీలి, ఆట దగ్గర మాత్రం నిర్దయుడు.

ఒకసారి ఆయన బంతి తగిలి ఎదుటి జట్టు ఆటగాడి మోచేయి వాచింది. సాయంత్రం వాళ్ల బసకు వెళ్లి స్వయంగా ఉప్పు కాపడం పెట్టి వచ్చాడు. మర్నాడు అదే మనిషిని బంతి ముట్టనివ్వకుండా ఔట్ చేశాడు. "కాపడం కాపడమే, ఆట ఆటనే తమ్మీ" అన్నాడు నాతో.

ఆ సీజన్ ఆఖరి ఆట సంగతి చెప్పాలి. ఎదుటి జట్టును పోషించే సేటు ముఖ్య అతిథిగా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. చివరి ఇన్నింగ్స్‌కు మావి నాలుగు పరుగులు, వాళ్లది సున్నా. అప్పుడు మా జట్టు అధ్యక్షుడు, మా మిల్లు యజమాని, చెమటలు తుడుచుకుంటూ మైదానంలోకి వచ్చాడు.

"రాజేశం, ఇంటికొచ్చిన ఆడబిడ్డను ఒడిబియ్యం పొయ్యకుండ పంపుతమా? సేటు మన జాగకొచ్చిండు. జర ఒక్క రన్ పోసి పంపు. గెలుపు ఎట్లైన మనదే గద."

"వాళ్లు ఒడి నింపుకోనీకి రాలే సారూ, ఆడనీకొచ్చిండ్రు. నేను కావాలని ఇస్తే వాళ్ల ఇజ్జత్ తీసినట్టు."

రాజేశమన్న అప్పటికే అలసిపోయి ఉన్నాడు. వాళ్ల ఆటగాడొకడు మూడో బేస్ దాకా వచ్చి, ఇంకొక్క అడుగు పడితే పరుగన్నట్టు నిలబడ్డాడు. నెమ్మది బంతి వేయమని నేను వేళ్లతో సైగ చేశాను. అడ్డంగా తల ఊపి, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. నా అరచేయి మండింది, బ్యాటు గాలిలో తిరిగింది, ఆట ముగిసింది. ఓడిన జట్టంతా వచ్చి ఆయన చేయి పట్టుకుంది. మా అధ్యక్షుడు మాత్రం సేటును కారెక్కించడానికి పోయాడు.

మరుసటి సీజన్‌లో ఆయనను పిలవలేదు. మిగతా మిల్లులూ పిలవలేదు. ఏమీ జరగనట్టు ఇంటికి వచ్చి మగ్గం దగ్గర నిలబడ్డాడు. ఆ సున్నా కోసం ఆయన చెల్లించింది తన ఆటనే.

నిన్న కరీంనగర్‌లో సంతాప సభ. ఫ్లెక్సీలో ఆయన ఫొటో పక్కన క్రికెట్ బ్యాటు వేశారు. దానికి నవ్వొచ్చింది. తర్వాత విన్నదానికి రాలేదు. అదే అధ్యక్షుడు మైకు పట్టుకుని, గొంతు వణికించి అన్నాడు: "నా మాట కాదనలే మా రాజేశం. సేటు మర్యాద కోసం గా దినం ఒక్క రన్ ఇచ్చిండు. నాలుగు-ఒకటి. గంత పెద్ద మనసు." చప్పట్లు కొట్టారు. బతికుండగా ఆయన దగ్గర గుంజుకోలేనిది చచ్చాక తీసుకుంటున్నారు. ఇంతకన్న నీచం నేను చూడలేదు.

తర్వాత రాజేశమన్న భార్య భాగ్యవదినను పిలిచి శాలువా కప్పారు. వదిన దాన్ని తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది.

"మా ఆయన ఒక్కటి గూడ ఇయ్యలే సారూ. ఇచ్చినుంటె మీరు మల్ల పిలుస్తుండె గద."

మైకు దూరంగా ఉన్నా అందరికీ వినిపించింది. అధ్యక్షుడు తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు.

రాజేశమన్నా, నీ వంటి పిచ్చర్ ఈ గడ్డ మీద మళ్లీ పుడతాడన్న ఆశ నాకు లేదు. నీకు పూలదండ వేయడానికి కూడా ఆ గుంపులో చోటు చిక్కలేదు. నీ ఆఖరి బంతిని పట్టినవాణ్ణి కనుక నేనిచ్చే నివాళి ఇదొక్కటే: నాలుగు-సున్నా.