తోకముక్క తీర్మానం

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు వెనుక సందులో, ఒక పాత మేడ మీద, చిరువర్తకుల సహకార పొదుపు పరపతి సంఘమనే చిన్న కార్యాలయం ఉంది. కూరగాయల వారు, టీ దుకాణాల వారు, బట్టలు కుట్టేవారు తమ రాబడిలో కొంత అక్కడ దాచుకొని, అవసరానికి అక్కడే అప్పు తీసుకుంటారు. ఆ సంఘానికి క్యాషియరు లుబ్నా.

కావ్యాలలో నాయిక నడకను హంసతో పోల్చడం పరిపాటి. లుబ్నా నడకకు తగిన ఉపమానం కొల్లేటి గూడబాతు. భుజాలు కొంచెం వెనక్కు, గడ్డం కొంచెం ముందుకు, క్యారేజీ బరువుకు ఒకవైపు ఒరిగి, ఎవరినీ తాకకుండా, ఎవరికోసమూ ఆగకుండా ఆమె మెట్లెక్కి వస్తుంటే బస్తాలు మోసేవారు సైతం దారి ఇచ్చేవారు. వారానికొకనాడు ఆ క్యారేజీలో కొర్రమీను పులుసు ఉండేది. కైకలూరులో ఉన్న తల్లి మహబూబ్ బీ, ప్రాణమున్న చేపను తడిగుడ్డలో చుట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేది. ఆ పులుసు మూత తీసిన క్షణాన కార్యాలయంలో లెక్కలు ఆగిపోయేవి. యజ్ఞధూమం సోకిన దేవతల వలె అందరూ ఒక్కసారిగా తలలెత్తేవారు.

ఆ సంఘానికి ఒక విచిత్రమైన ఆచారం ఉంది. ఏ పనికైనా ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి. సర్వసభ్య సమావేశాలలో ఎక్కడైనా ఇంతే. ఇక్కడ ఫ్యాను వేయడానికి కూడా ఇంతే. పూర్వం ఒక కార్యదర్శి ఎవరినీ అడగకుండా గోడ గడియారం కొన్నాడట. అది తప్పు గంట కొట్టినప్పుడల్లా సభ్యులు అతనిని నిలదీశారట. అతని తరువాత ఆ కుర్చీలోకి వచ్చిన నరసింహమూర్తిగారు, అగ్నిహోత్రి నిప్పును కాపాడినట్లు ఈ నియమాన్ని కాపాడుతూ వచ్చారు. ఉల్లి వ్యాపారియైన అధ్యక్షుడు సత్తిరాజుగారు ఒకసారి తనకు శాలువా కప్పాలని తానే ప్రతిపాదించుకున్నందువల్ల, ఎవరి విషయం వారు ప్రతిపాదించుకోరాదనే ఉపనియమం కూడా చేరింది. ప్రతిపాదించిన వారి పేరు, బలపరచిన వారి పేరు మూర్తిగారు శాశ్వతంగా రాసి ఉంచేవారు. చేతులెత్తిన వారి పేర్లు మాత్రం రాసేవారు కారు.

మధ్యాహ్నం పొడవు బల్ల మీద క్యారేజీలన్నీ విప్పి అందరూ కలిసి తినేవారు. చేపముక్కల పంపకం మూర్తిగారిది. ఆయన చేప ముట్టరు. పెరుగన్నం ముగించి, చేయి కడుక్కొని, దూరంగా నిలబడి ఏ ముక్క ఎవరికో వేలితో చూపేవారు. తినని వారి తీర్పు గనుక ఎవరూ శంకించలేదు. అందరికన్నా కొత్తగా చేరిన ఉద్యోగికి తోకముక్క అన్నది ఆ పంపకంలో మార్పులేని ధర్మం. వసూళ్ల గుమస్తా బాలస్వామి చేరి చాలా ఏళ్లయింది. అతని తరువాత సంఘం ఎవరినీ తీసుకోలేదు. కనుక అతడు అన్నేళ్లుగా తోకే తింటున్నాడు. నోట్లో ముళ్లు ఏరుకొని ఏరుకొని, అతని మాట కూడా ఆగి ఆగి రావడం అలవాటైపోయింది.

ఇట్లుండగా ఏలూరులోని ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ నుంచి లుబ్నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఫోనులో ఆమె పెట్టుకున్న దరఖాస్తు అది. ఏలూరులో పని ఉందని చెప్పి సెలవు కోరితే, బాలస్వామి ప్రతిపాదించాడు. అటెండరు సువార్తమ్మ ఏమిటని అడగకుండానే బలపరచింది. ఆమె అన్నిటినీ బలపరచేది. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఒక్కటి కూడా తాను ప్రతిపాదించి ఎరుగదు.

ఏలూరు బ్రాంచి మేనేజరు క్రాంతి కుమార్ మెడలో టై, ముఖంలో వినయం గల యువకుడు. జీతం ఇక్కడి కన్నా ఒకటిన్నర రెట్లు ఉంటుందని, పీఎఫ్ ఉంటుందని, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా కార్డు ఇస్తామని చెప్పాడు. మిమ్మల్ని తీసుకుంటున్నాం, సోమవారం చేరండి అని ముగించాడు. ఏళ్ల అలవాటు కొద్దీ లుబ్నా కుడిచేయి దానంతట అదే పైకి లేచింది.

“బలపరుస్తున్నానండి.”

అతడు ఒక క్షణం ఆలోచించి, అది ఉత్సాహమని నిశ్చయించుకొని, తానూ సగం చేయి ఎత్తాడు. పని ఎలా ఉంటుందో చూడమని ఆమెను ఆ పూట అక్కడే కూర్చోబెట్టాడు.

అక్కడ చలి దారుణంగా ఉంది. ఏసీ తగ్గించమని ఎవరు ప్రతిపాదించాలండీ అని ఆమె పక్క కుర్చీలోని అమ్మాయిని మెల్లగా అడిగింది. ఏసీ ఎంత ఉండాలో హెడ్డాఫీసు నిర్ణయిస్తుందని, హెడ్డాఫీసు ముంబయిలో ఉందని, అక్కడ ఇప్పుడు వేడిగా ఉందేమోనని ఆ అమ్మాయి జవాబిచ్చింది. మధ్యాహ్నం అందరూ చెవులకు తీగలు తగిలించుకొని, గోడలవైపు తిరిగి, డబ్బా మూత పూర్తిగా తీయకుండా, తపస్సు చేసుకునే మునుల వలె ఎవరికి వారు తిన్నారు. లుబ్నా తన కొర్రమీను పులుసు విప్పి, ముక్కలు ఎవరు చూపుతారా అని కాసేపు ఎదురు చూసింది. ఎవరూ చూపలేదు. తలముక్క తీసుకోవచ్చో లేదో తెలియక, పులుసు మాత్రం అన్నంలో కలుపుకొని తిని, ముక్కలన్నీ తాడేపల్లిగూడెం తిరిగి తెచ్చింది.

ఆ సాయంత్రం భర్త సాజిద్‌తో కూర్చొని రెండు ఉద్యోగాలనూ బేరీజు వేసింది. సాజిద్‌ది మోటార్లకు వైండింగు చేసే దుకాణం. ఏలూరులో జీతం ఉంది, కార్డు ఉంది. సంఘంలో ఏమున్నాయో ఇద్దరూ కలిసి జ్ఞాపకం చేసుకున్నారు. అతని వైండింగు యంత్రం కొన్నది సంఘం తక్కువ వడ్డీకి ఇచ్చిన అప్పుతోనే. అధ్యక్షుడు ఏటా ఒక ఉల్లి బస్తా పంపుతాడు. ఎవరి పండుగ అయినా అందరికీ సెలవు. రంజానుకు సెలవు ప్రతిపాదించేది మూర్తిగారే. అయితే జీతం పెంచాలంటే సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి. ఆ సమావేశంలో కూరగాయల వారు లేచి, బెండకాయ ధర పడిపోయిందని మొర పెట్టుకొని, ఏటేటా ఆ విషయాన్ని వాయిదా వేయించేవారు. అత్తగారికి మోకాళ్ల ఆపరేషను చేయించాలన్నది లుబ్నా మనసులోని అసలు మాట. ఆ కార్డు ఉంటే అది తీరుతుంది.

అంతా విని సాజిద్, నీ ఇష్టం, నువ్వే తేల్చుకో అన్నాడు.

“ఎవరూ ప్రతిపాదించకుండా నేనెలా తేల్చుకోనండీ?” అని లుబ్నా కళ్లనీళ్లు పెట్టుకుంది.

సాజిద్ కాసేపు తల గోక్కొని, సరే, వెళ్లాలని నేను ప్రతిపాదిస్తున్నాను అన్నాడు. లోపలి గదిలోంచి అత్తగారు బలపరచింది. మరునాడు లుబ్నా రాజీనామా లేఖ ఇచ్చింది.

మూర్తిగారు ఆ లేఖను రెండుసార్లు చదివి, భోజనాల బల్ల మీద పెట్టి, దీనిని ఆమోదించాలని ఎవరైనా ప్రతిపాదించండి అన్నారు. ఎవరూ పలకలేదు. ప్రతిపాదించినవారి పేరు శాశ్వతంగా ఉండిపోతుంది. లుబ్నాను, ఆమెతో పాటు ఆ పులుసును సాగనంపిన మనిషిగా చరిత్రలో నిలవడం ఎవరికీ ఇష్టం లేదు. తన విషయం గనుక లుబ్నా ప్రతిపాదించుకోరాదు. ప్రతిపాదన లేని విషయాన్ని చర్చించరాదు. అందుచేత ఆ లేఖ శనివారం వరకు క్యారేజీల మధ్యనే పడి ఉండి, ఒక మూల పప్పుచారుతోను, మరొక మూల గోంగూరతోను తడిసింది.

శనివారం కమిటీ సమావేశం. సత్తిరాజుగారు, మరొక డైరెక్టరు బెంజమిన్ మాస్టారు మెట్లెక్కి వచ్చారు. మాస్టారు పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడు; ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తారు. జీతం పెంచడం కమిటీ చేతిలో లేదు కనుక, లుబ్నాను నిలుపుకోవడానికి కార్యాలయానికి ఏసీ కొందామని ఆయన ప్రతిపాదించారు. సత్తిరాజుగారు బలపరచారు. ఎంత చల్లగా ఉంచాలన్న దగ్గర మాట మాట పెరిగి, చివరకు ప్రతిపాదించిన వారే దానిని ఉపసంహరించుకున్నారు.

అప్పుడు సువార్తమ్మ మంచినీళ్ల బిందె దించి, కొంగు బొడ్లో దోపుకొని, బల్ల ముందుకు వచ్చింది.

“మూర్తిగారండీ, నేను ప్రతిపాదిస్తున్నానండి. లుబ్నమ్మని ఏలూరు పంపించేద్దామండి. అక్కడ జొరమొస్తే ఆస్పత్రి కార్డిస్తారంట. ఇక్కడ జొరమొస్తే మనమంతా వెళ్లి, మంచం చుట్టూ కూర్చుని, తెచ్చిన బత్తాయిలన్నీ మనమే తినేసి వస్తాం.”

మొన్న లుబ్నాకు జ్వరం వచ్చినప్పుడు ఎక్కువ బత్తాయిలు తిన్నది సత్తిరాజుగారు. ఆయన పైకప్పు వైపు చూశారు.

బలపరచేవారెవరని మూర్తిగారు అడిగారు. మళ్లీ అడిగారు. సువార్తమ్మ దోపుకున్న కొంగు తీసి, మళ్లీ బిందె వైపు తిరిగింది. అన్నేళ్లు అందరి మాటా నిలబెట్టిన మనిషి జీవితంలో చేసిన మొదటి ప్రతిపాదన, బలపరచే దిక్కు లేక పడిపోబోతున్నది. లుబ్నా అది చూడలేకపోయింది. తన విషయం ప్రతిపాదించుకోరాదని నియమం ఉంది గాని, బలపరచుకోరాదని లేదు.

“బలపరుస్తున్నానండి,” అంది.

ఇక మిగిలింది ఓటు. పేర్లు రాయని చేతులు గనుక, ఆమె బాగు కోరి, బరువెక్కిన మనసులతో అందరూ ఎత్తారు. మూర్తిగారి చేయి కూడా లేచింది. ఆచారం కోసం ఆయన, వ్యతిరేకించేవారు ఉన్నారా అని అడిగారు.

ఒక్క చేయి లేచింది. అది లుబ్నాది. ఎప్పుడు ఎత్తిందో ఆమెకే తెలియదు. ఆ చేతిని దించుదామని చూసింది గాని అది దిగలేదు.

“ఇదేంటమ్మా, నువ్వే బలపరచి నువ్వే కాదంటావా?” అన్నారు సత్తిరాజుగారు.

“బలపరచింది సువార్తమ్మ పిన్నిగారి కోసమండి. ఇది నా కోసమండి.”

అందరి ముఖాలూ వికసించాయి, వెంటనే వాడిపోయాయి. తీర్మానం నెగ్గింది. నెగ్గిన తీర్మానాన్ని ఏడాది వరకు తిరగదోడరాదు. రాజీనామా ఇచ్చిన మనిషి ఒక్కతె తప్ప సంఘమంతా ఏకమై ఆమె ఉద్యోగాన్ని ఊడగొట్టింది. సత్తిరాజుగారు తలపట్టుకున్నారు. సువార్తమ్మ, ఇకపైన ఏదీ ప్రతిపాదించనని ఒట్టు పెట్టుకోబోయింది.

మూర్తిగారు నియమావళి తిరగేసి, కళ్లజోడు తుడుచుకొని, తరువాతి అంశం అన్నారు. క్యాషియరు ఉద్యోగం ఖాళీ అయినది గనుక దానిని భర్తీ చేయవలసి ఉన్నది. కొత్త నియామకానికి జీతం ఎంతో కమిటీయే నిర్ణయించవచ్చు. సర్వసభ్య సమావేశంతోను, బెండకాయ ధరతోను పని లేదు. కొత్త ఉద్యోగికి బీమా కార్డు ఇవ్వరాదని కూడా ఎక్కడా లేదు.

ఆ మాట అర్థం కావడానికి బెంజమిన్ మాస్టారికి తక్కువ సేపు, సత్తిరాజుగారికి ఎక్కువ సేపు పట్టింది. ఏలూరంత జీతం ఇవ్వలేకపోయారు గాని సగం దూరం వెళ్లారు. కార్డు కూడా ఒప్పుకున్నారు. సువార్తమ్మ తన ఒట్టు మరచి లుబ్నా పేరు ప్రతిపాదించింది. బలపరచడానికి అందరూ ఒక్కసారే నోరు తెరిచారు. అందరికన్నా ముందు, ఆగకుండా, తడబడకుండా పలికిన గొంతు బాలస్వామిది. అతని ఆత్రం ఎందుకో ఆ క్షణాన ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం ఏలూరు నుంచి క్రాంతి కుమార్ ఫోను చేశాడు. తనకు వేరే చోట కొత్త ఉద్యోగం వచ్చిందని లుబ్నా మర్యాదగా చెప్పింది. ఎక్కడండీ అని అడిగితే, పాత చోటేనండి అంది.

తరువాతి వారం కైకలూరు బస్సులో చేప వచ్చింది. బల్ల మీద పులుసు మూత తీశారు. మూర్తిగారు పెరుగన్నం ముగించి, చేయి కడుక్కొని, దూరంగా నిలబడ్డారు. తల, ఆ వాసనకు మెట్లెక్కి వచ్చిన సత్తిరాజుగారికి వెళ్లింది. నడుము ముక్క వైపు వేలు తిప్పి, బాలస్వామికి అన్నారు. ఆ వేలు ఇంకొంచెం జరిగి, పళ్లెం అంచున ఒంటరిగా ఉన్న ముక్క మీద ఆగింది. కొత్తగా చేరినవారికి అన్నారు.

లుబ్నా తోకముక్క అందుకుంది. బాలస్వామి నడుము ముక్కలో అలవాటు కొద్దీ ముళ్ల కోసం వెదికాడు, దొరకలేదు. కళ్లు మూసుకొని ఒక్క గుక్కలో అన్నాడు:

“రేపు కూడా పులుసు తేవాలని ప్రతిపాదిస్తున్నానండి.”

లుబ్నా పంటి కింద ముల్లు ఉంది. ఆమె మాట్లాడకుండా చేయి ఎత్తింది.