బండి కింద పళ్ళెం

పోయిన ఆదివారం విశాఖపట్నం నుంచి ఒకాయన మా షెడ్డులో ఉన్న బండిని చూడడానికి వచ్చాడు. పాత మోటారు సైకిళ్ళు పోగుచెయ్యడం ఆయన వ్యసనం. వ్యసనం అన్నది నా మాట, ఆయన అభిరుచి అన్నాడు. చేతులకు తొడుగులు, మోకాళ్ళకు చిప్పలు, ఛాతీకి కవచం. అనంతగిరి ఘాటు ఎక్కడానికి కాక యుద్ధానికి బయల్దేరినట్టున్నాడు. టార్పాలిన్ తీయగానే బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఇంజను అడుగున చూపుడువేలితో రాసి, ఆ వేలిని తెచ్చి నా కళ్ళ ముందు పెట్టాడు. "చూడండి మేడమ్, ఒక్క చుక్క నూనె కారడం లేదు! ఈ ఇంగ్లండు బళ్ళలో ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. ఎవరో ప్రాణంలా చూసుకున్నారు." నాకు మామూలుగా మాటకు మాట నాలుక చివరే ఉంటుంది. మా కాలేజీలో నేను సెలవు పెట్టిన రోజు చూసి స్టాఫు మీటింగు పెట్టుకుంటారని ప్రతీతి. ఆ వేలు చూశాక మాత్రం "టీ తాగుతారా?" అన్నాను. టార్పాలిన్ రెండో కొస పట్టుకుని నిలబడ్డ పైగూడెం మనిషి నా వంక ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. అతని సంగతి తరవాత చెబుతాను.

ఆ బండిని ప్రాణంలా చూసుకున్నది మా మావయ్య. అమ్మకు తమ్ముడు, ఇక్కడి కాఫీ తోటల్లో సూపర్వైజరు. శృంగవరపుకోట దగ్గర వరిపొలాల మధ్య పుట్టి, ఉద్యోగం పేరుతో కొండెక్కి, ఇక దిగనని మొండికేసిన మనిషి. నేను వాళ్ళింటికి రావడానికి చాలా ఏళ్ళ ముందు ఏదో పనిమీద వచ్చిన తెల్ల ఇంజనీరొకాయన ఆ బండిని ఓడ మీద తెచ్చుకున్నాడట. తిరిగి వెళ్ళేటప్పుడు, దాన్ని బాగుచెయ్యగలిగినవాడూ భరించగలిగినవాడూ ఈ కొండల్లో ఒక్కడేనని మావయ్యకు అప్పగించిపోయాడట. దాని కంపెనీ పేరు రాయను. రాస్తే దాని అభిమానులు నా మీద పడతారు, నేను వాళ్ళ మీద పడతాను, అసలు సంగతి పక్కకు పోతుంది.

రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు, రెండు సైలెన్సర్లు, లెక్కలేనంత తిక్క. అదీ ఆ బండి. దాన్ని లేపడం ఒక తంతు. కార్బురేటర్ల పక్కనున్న బుడిపెల్ని వేలికి పెట్రోలు తడి తగిలేదాకా నొక్కాలి. తరవాత కిక్కును మెల్లగా దించుతూ, ఇంజను ఎక్కడ బిగుసుకుందో కాలితో వెతుక్కుని, అక్కణ్ణుంచి ఒంటి బరువంతా వేసి తన్నాలి. తన్నేవాడు జంకాడని తెలిస్తే అదే తిరిగి తంతుంది. మావయ్య కుడి మడమ అలా రెండుసార్లు బెణికింది. ఒకసారి అందుకుందంటే వంటింట్లో అరమీద గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవి. నెమ్మదిగా నడిపితే దానికి అవమానం. బజారులో దగ్గేది, వేడెక్కేది, తొడలు తిమ్మిరెక్కేలా వణికేది. అద్దంలో వెనకొచ్చే ఒక లారీ నాలుగు లారీలుగా కనబడేది. హెడ్‌లైటు బల్బులు ఆ వణుకుకే పోయేవి. కానీ ఘాటు మొదలై, ఎత్తు ఎదురై, మూడో గేరులో ఒక వేగం దాటిందంటే, ఆ వణుకంతా ఎవరో భుజం మీద చెయ్యేసినట్టు ఆగిపోయేది. దగ్గు పోయి గొంతు ఒకే శ్రుతిలోకి వచ్చేది. బస్సులు మొదటి గేరులో మూలిగే మలుపుల్లో అది ఇంకా బలం దాచుకునే ఎక్కేది. వెనక కూర్చున్నవాళ్ళకు వీపును ఎవరో పైకి తోస్తున్నట్టుండేది. దిగడం మాత్రం దేవుడి దయ, బ్రేకులు పేరుకే. "ఎక్కడం నేర్సుకుంది గానీ ఆగడం నేర్సుకోలేదు. అచ్చం నీలాగే గుంటా" అనేవాడు మావయ్య నాతో.

ఇక నూనె. ఎన్ని బోల్టులు బిగించినా, ఏ అట్టలు కోసి పెట్టినా ఇంజను అతుకుల్లోంచి నూనె కారేది. అందుకని షెడ్డులో బండి కింద ఒక సత్తు పళ్ళెం ఎప్పుడూ ఉండేది. పొద్దున్నే ఆ పళ్ళెంలో చేరిన నూనెను పాత పంచెగుడ్డలో వడగట్టి, సీటు కింద కుడిపక్కనున్న నూనె ట్యాంకులో తిరిగి పోసెయ్యాలి. అది ఆ ఇంటి ఆచారం. అత్తయ్య తులసికి నీళ్ళు పోసినంత నిష్ఠగా జరిగేది. డిగ్రీ అయిపోయి, ఎమ్మెస్సీ సీటు కోసం ఎదురుచూస్తూ ఏడాదిపాటు నేను వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఆ పని నాకు పడింది. మావయ్య నూనె ట్యాంకు మూత తీసి చూసేవాడు కాడు. పళ్ళెం ఖాళీగా కనబడితే చాలు, పని జరిగిందని అర్థం.

ఆ బండి మావయ్యకు షోకు మాత్రమే అనుకుంటే పొరపాటు. పైగూడేలకు రోడ్డు లేదు. జబ్బు మనిషిని దుప్పట్లో ఉయ్యాలలా వేసి, కర్రకు కట్టి, ఇద్దరు భుజాన మోసుకుంటూ దిగాలి. దాన్నే డోలీ అంటారు. డోలీ తారురోడ్డు చేరేచోట మా ఇల్లు. బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలియదు. రోగిని మధ్యన కూర్చోబెట్టి, చీరతో మావయ్య నడుముకు కట్టి, వెనక ఒక మనిషి పట్టుకుంటే, బండి ఆస్పత్రికి పరిగెత్తేది. అలా ఎంతమందిని చేర్చాడో ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. ఎవరైనా పొగిడితే "నాదేటుంది, ఎక్కింది బండి కదా" అనేవాడు.

పైగూడెం నుంచి మాకు తేనె, అడ్డాకులు తెచ్చే ఒకమ్మాయి ఉండేది. నా ఈడుదే. నాలాగే నోరున్నది, అందుకే ఇద్దరికీ కుదిరింది. బండిని చూస్తే ఆమెకు భయమూ మోజూ. షెడ్డు గుమ్మంలోంచే "బతికే ఉందేటి అది, ఇంకా రక్తం కక్కుతుంది?" అని పళ్ళెం వైపు చూసి నవ్వేది. నేను కిక్కు కొట్టడం నేర్చుకున్న రోజున చప్పట్లు కొట్టి, "నువ్వు నడపడం నేర్సుకున్నాక ముందు నన్నే ఎక్కించాల. మా కొండ ఆ రోడ్డు మీద నుంచి ఎలగుంటాదో సూడాల" అంది. సరేనని చేతిలో చెయ్యి వేశాను. అక్కడే వచ్చింది పేచీ. మావయ్య కిక్కు నేర్పాడు, గేర్లు నేర్పాడు, ఇంటి ముందు చదునులో తిప్పనిచ్చాడు. ఘాటెక్కుతానంటే మాత్రం వద్దన్నాడు.

"ఆడగుంటవి. ఏ మలుపులోనో పడిపోతే మీ అమ్మకేటి సెప్పాల?"

"నువ్వు పడిపోతే అత్తకేం చెప్పాలి?"

"దానికి సెప్పక్కర్లేదు. అది రోజూ అదే అనుకుంటాది."

అత్తయ్య వంటింట్లోంచి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆడపిల్లలకు కిక్కు వరకే హక్కా, రోడ్డు మీద లేదా అని మూడు రోజులు వాదించాను. ఇప్పటికీ చెబుతాను, ఆ వాదనలో న్యాయం నాదే. న్యాయం మనవైపు ఉన్నప్పుడు మనిషికి పట్టే మదం మరి దేనికీ పట్టదు. నడపనివ్వని బండికి నేనెందుకు ఊడిగం చెయ్యాలి అనుకున్నాను. ఆ మాట పైకి అని ఉన్నా బాగుండేది. ఎన్నడూ లేనిది, ఆ ఒక్కసారీ నోరు మూసుకుని సమ్మె చేశాను. పొద్దున్నే పళ్ళెం తీసుకెళ్ళి, నూనెను కంచె మొదట్లో పారబోసి, పళ్ళెం తుడిచి మళ్ళీ బండి కింద పెట్టేదాన్ని. మావయ్య చూసేవాడు. పళ్ళెం ఖాళీ. "నోరు పెద్దదే గానీ పని మానదు మా గుంట" అని అత్తయ్యతో అంటుంటే నా చెవినే పడింది. లోలోపల గెలిచినట్టు నవ్వుకున్నాను. రెండు మూడు వారాలు గడిచాయి. వానలు పట్టుకున్నాయి. ఒకనాటి పొద్దున చూస్తే పళ్ళెంలో చుక్క లేదు. మర్నాడూ లేదు. "చూశావా అత్తా, నాకు భయపడి కారడం మానేసింది" అన్నాను. అత్తయ్య బండికి దిష్టి తీస్తానంది. బీయస్సీ ఫస్టు క్లాసు నేను. ట్యాంకులో ఉంటేనే కదా కారడానికి అన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున డోలీ దిగింది. కర్ర ముందు కొస తండ్రి భుజాన, వెనక కొస తమ్ముడి భుజాన. దుప్పట్లో తేనె తెచ్చే అమ్మాయి. నాలుగు రోజుల జ్వరం, తెల్లవారుజామున ఫిట్లు. నేను పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచింది గానీ నన్ను చూడలేదు. రాత్రి వానకు కింది ఘాటులో కొండచరియ విరిగిపడింది, శృంగవరపుకోట వైపు దారి లేదు. బస్సూ లేదు, రైలూ లేదు. ఇక పైకి, అరకు వైపే. "ఎత్తే కదా, బండికి అలవాటే. బేగి కట్టండి" అన్నాడు మావయ్య. అత్తయ్య చీరతో ఆమెను మావయ్య వీపుకు కట్టాను. ముడి వేసింది నేనే. వెనక తండ్రి కూర్చున్నాడు. ఒక్క కిక్కుకే లేచింది బండి. మలుపు తిరిగాక కూడా ఆ శ్రుతి చాలాసేపు వినిపించింది. ఎంత చక్కగా ఎక్కుతోందో అనుకున్నాను.

సాయంత్రం మావయ్య నడిచి వచ్చాడు. ఎత్తు ఇంక కాస్తలో ముగుస్తుందనగా ఇంజను ఒక్కసారి కీచుమని పట్టేసిందట. వెనక చక్రం బిగుసుకుని బండి అడ్డం తిరిగిందట, పడలేదు. తండ్రి కూతుర్ని వీపున వేసుకుని నడిచాడు, మావయ్య పక్కన నడిచాడు. వానలో ఒక్క బండీ రాలేదు. అరకు కనుచూపు మేరలోకి వచ్చేసరికి తండ్రి వీపు మీద బరువు మారిందట. ఆ మాట మావయ్యది.

మర్నాడు బండిని లారీలో తెచ్చి షెడ్డులో దించారు. మావయ్య నూనె ట్యాంకు మూత తీసి వేలు పెట్టి చూశాడు. పొడి. ఆ వేలిని చాలాసేపు చూసుకున్నాడు. తరవాత పళ్ళెం వైపు, ఆ తరవాత నా వైపు. "పళ్ళెం ఖాళీగా ఉంటే పోసీసినావనుకున్నానమ్మా" అన్నాడు. అంతే. నన్ను ఆయన అమ్మా అని పిలిచింది అదొక్కసారే. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎదురు చెప్పి బతికేదాన్ని. ఆ బండిని ఆయన మళ్ళీ తాకలేదు. బాగు చేయిద్దామని నేను ఎన్నిసార్లు అన్నా "ఏటికి?" అనేవాడు. పిల్ల తండ్రి మరుసటి ఏడాది కూడా తేనె తెచ్చాడు. "మీ మావేటి సేత్తాడు, ఇనుం కదా, ఇనుముకేటి తెలుస్తాది" అన్నాడు. నేను తేనె సీసా అందుకున్నాను. మావయ్యా అత్తయ్యా పోయాక ఇల్లూ బండీ నాకు మిగిలాయి. ఉద్యోగమూ ఈ కొండల్లోనే వేయించుకున్నాను. ప్రాయశ్చిత్తమనుకున్నానేమో, ఏమీ తీరలేదు.

ఆదివారం ఆ కవచాల పెద్దమనిషి "ఆలోచించుకుని చెప్పండి" అని, తన బండిని బొత్తాం నొక్కి లేపుకుని వెళ్ళిపోయాడు. నేనూ పైగూడెం మనిషీ మిగిలాం. డోలీ కర్ర వెనక కొస మోసిన తమ్ముడు ఇతనే. జుట్టు నెరిసింది, భుజం మీద కాయ అలాగే ఉంది. టార్పాలిన్ కప్పుతూ, "కారదంటాడేటక్కా ఆయన? అప్పుడు తెగ కారీది కదా?" అన్నాడు.

ముప్పై ఏళ్ళు ఆపుకున్నది ఆ ప్రశ్నకు ఆగలేదు. సమ్మె, కంచె మొదట్లో పారబోత, తుడిచిన పళ్ళెం, అంతా చెప్పేశాను. అతను తాడు ముడి వేస్తూ విన్నాడు. కొడతాడేమో, ఉమ్మేస్తాడేమో అనుకున్నాను. అలా చేస్తే బాగుండుననీ అనుకున్నాను.

"సీకట్నే ఎత్తుకుని నాలుగ్గంటలు నడిసినాం. మీ గుమ్మంలోకొచ్చేసరికే మా అప్ప కళ్ళు తేలేసింది. దారుంటే రాత్రే దిగిపోదుం. మొన్న కార్తీకంలో నా కోడల్ని కూడా అలాగే కర్రకి కట్టి దింపినాం. రోడ్డేత్తామని బోర్డు పెట్టినారు, రోడ్డు మాత్రం రాలేదు. కోడలు బతికింది, బిడ్డ దక్కలేదు." ముడి లాగి బిగించాడు. "నువ్వు నీ నూనె గురించి ఏడుత్తన్నావక్కా. మా ఏడుపు దారి గురించి."

నేను కలెక్టరాఫీసుకు రాసిన అర్జీలన్నింటిలో ఉన్న వాదన అదే, ముక్కస్య ముక్క. అర్జీలో నేను రాస్తే అది నిజం. నా తప్పును పక్కకు నెట్టడానికి అతని నోట వస్తే, దాన్ని అందుకునే అర్హత నాకు లేదు. కాదనడానికీ లేదు. అతను "పొద్దోతంది" అని కొండదారి పట్టాడు. ఇంకో నాలుగు గంటల నడక.

టార్పాలిన్ అంచు ఎత్తి చూశాను. పళ్ళెం బండి కిందే ఉంది, నేను ఆఖరిసారి తుడిచి పెట్టినచోటే. ఇన్నేళ్ళలో కాలం అందులోకి రాల్చింది దుమ్మొక్కటే.