మా తాతమ్మ వేయించని టీకా

మొన్న గుడివాడలో రక్తపోటు చూపించుకుందామని చెయ్యి చాపితే, నర్సు పిల్ల నా భుజం కింద ఉన్న రెండు గుండ్రటి మచ్చల్ని చూసి, చిన్నప్పుడు కాలిందా మామ్మగారూ అంది. మశూచి టీకాలమ్మా అన్నాను. ఆ పిల్లకి మశూచి అంటే ఏమిటో తెలీదు. తెలియకపోవడమే మంచిదనుకోండి. కానీ ఆ పూటంతా మా తాతమ్మే నా కళ్ళముందు తిరిగింది.

తాతమ్మంటే మా తాతగారి తల్లి. పందొమ్మిదో శతాబ్దం మనిషి. బందరు మిషను ఆడపిల్లల బళ్ళో పంతులమ్మగా చేసింది. నాకు ఊహ తెలిసేసరికి ఎనభై దాటేసింది, అయినా నడుం వంగలేదు, గొంతూ తగ్గలేదు. నా పలక మీద అక్షరం వంకరపోతే వేలితో చెరిపేసి మళ్ళీ రాయించేది. పొద్దున్నే కాఫీ అయ్యాక వరండాలో నులకమంచం పక్కన పీట వేసుకుని, మా పెదతాతకి ముందు బైబిలూ, తర్వాత పేపరూ చదివి వినిపించేది. పెదతాతకి రెండు కళ్ళూ లేవు, మొహం నిండా మశూచి మచ్చలు. ఆయన తాతమ్మ కన్నకొడుకు కాదని, సవతి కొడుకని మా అమ్మ చెప్పేదాకా నాకు తెలీదు. తెలిసేదెలా? అన్నాల దగ్గర నెయ్యి ముందు పడేది ఆయన కంచంలోనే.

తాతమ్మ రెండో భార్యగా ఆ ఇంటికి వచ్చేనాటికి ఆయనకి మూడేళ్ళట. తర్వాత మా తాతగారు పుట్టారు. ఆ రోజుల్లో టీకాలవాడు వస్తున్నాడంటే జనం తలుపులు వేసుకునేవాళ్ళు. చదువుకున్నది కాబట్టి ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పే పని ఈవిడ మీద పడింది. ముందు మీ ఇంట్లో వేయించండి అన్నారంతా. అదీ న్యాయమే. చంటిపిల్లాడైన మా తాతగారిని ఒళ్ళో పెట్టుకుని నలుగురి ముందూ వేయించింది. పెద్దవాడి వంతు వచ్చేసరికి, చనిపోయిన మొదటి భార్య తల్లి దివిసీమ నుంచి పడవెక్కి వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నీ కొడుక్కి ఏం పొడిపించుకుంటావో పొడిపించుకో. నా కూతురి బిడ్డ జోలికొచ్చావా, సవతి తల్లి చంపేసిందని బందరంతా చాటుతాను" అందిట.

ఊరందరికీ ధైర్యం చెప్పిన మనిషి ఆ ఒక్క మాటకి జడిసిపోయింది. పోనీ, వచ్చే ఏడు చూద్దాం అనుకుంది. మశూచి అంతదాకా ఆగలేదు. మేం క్రైస్తవులమే అయినా మా ఇంట్లో దాన్ని అమ్మవారు పోయడమనే అనేవాళ్ళు, పాస్టరుగారు వింటే మటుకు నాలిక్కరుచుకునేవాళ్ళు. పిల్లాడు బతికాడు గానీ కళ్ళు పోయాయి. అప్పుడు జనం ఏమన్నారనుకున్నారు? సొంత బిడ్డకి వేయించుకుని సవతి బిడ్డని వదిలేసిందన్నారు. ఏం జనమండీ, నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెదతాత ఆ మాట నమ్మారో లేదో అడిగే ధైర్యం తాతమ్మకి ఏనాడూ లేకపోయింది. ఆయనా ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా వీధిలో ఇంటింటికీ టీకాలు వేశారు. నేను మంచం కింద దూరి ఏడుపు లంకించుకున్నాను. జలుబుగా ఉంది, ఇంకోసారి వేయిద్దాం లెండి అంది మా అమ్మ. ఆ మాట వినగానే తాతమ్మ మొహం మాడిపోయింది. నా కాలు పట్టుకుని బయటికి లాగి, మోకాళ్ళ మధ్య బిగించేసింది. టీకా కన్నా ఆ పట్టే నొప్పి పుట్టింది. టీకాలతను సామాను సర్దుకుంటుంటే, మంచం మీది నుంచి పెదతాత చొక్కా చెయ్యి పైకి మడిచి చాపారు.

"నాక్కూడా వెయ్యి బాబూ."

ఒకసారి పోసినవాళ్ళకి అక్కర్లేదండీ, వేసినా అంటుకోదు, పొక్కు లేవదు అన్నాడతను.

"అంటుకోకపోతే మానె. మా అమ్మ అప్పుడే వేయిద్దామనుకుంది, మా అమ్మమ్మే పడనివ్వలేదు. వేసెయ్యి."

తాతమ్మ పీట మీంచి లేచి వెళ్ళి, ఆయన చెయ్యి కదలకుండా పట్టుకుంది. పట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడ్డం అదే మొదలు.

మర్నాటి నుంచి పేపరు చదవడం కాగానే ఆయన చొక్కా చెయ్యి మడిచి చూసేది. నా చేతి మీద పొక్కు లేచింది, చీము పట్టింది, పెచ్చు కట్టి ఊడిపోయింది. ఆయన చేతి మీద ఏమీ లేవలేదు. ఏమన్నా కనిపిస్తోందా అమ్మా అని ఆయన అడిగితే, ఇంకా లేదు నాయనా అనేది. ఆ వానాకాలంలోనే తాతమ్మ మంచాన పడింది. లేవలేని స్థితిలో కూడా ఆయన్ని దగ్గరికి పిలిపించుకుని చెయ్యి తడిమేది. అరవై ఏళ్ళు ఆలస్యమైన టీకా ఇంక అంటుకోదని ఆ పంతులమ్మకి తెలియదా? తెలిసే, పోయేదాకా రోజూ చూసింది.