మరో ఫోన్‌లో వినిపిస్తోంది

ఆ వీధిలో అందరూ ఆయన్ని కత్తెరాయన అంటారు. ఆయన భార్య జన్మలో ఒక్కరి జుట్టు కూడా కత్తిరించలేదు. అయినా వీధి వీధంతా కలిసి ఆమెను కత్తెరమ్మను చేసి కూర్చోబెట్టింది. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది, తర్వాత్తర్వాత అలవాటైపోయింది. సెలూన్‌లో ఆమె పని తువ్వాళ్లు ఉతికి ఆరేయడం, నేల ఊడవడం, వచ్చినవాళ్లను వరసలో కూర్చోబెట్టడం, మొగుడి మొండితనానికి జనం నొచ్చుకోకుండా సర్దిచెప్పడం. ఈ చివరి పనికే రోజులో సగం పోయేది.

రెండు కుర్చీల సెలూన్ అది. ఒకటి కత్తెరాయనది, రెండోది ఆమె తమ్ముడిది. ఎదురుగా గోడ పొడవునా అద్దం, అద్దం పైన గుప్పెడంత నల్లటి స్పీకరు. ఒకప్పుడు అక్కడ టీవీ ఉండేది. ఒకాయన వార్తలు చూస్తూ, గొంతు మీద కత్తి ఉందన్న సంగతి మరిచిపోయి, పక్కవాడితో వాదనకు దిగి తల తిప్పాడు. చిన్న గాటే పడింది గానీ, కత్తెరాయన ఆ రోజు మళ్లీ కత్తి ముట్టలేదు. సాయంత్రానికల్లా టీవీ దింపేశాడు. "చూసేవాడి తల తిరుగుతుంది, వినేవాడి తల కదలదు" అన్నాడు. నవలలు చదివి వినిపించే యాప్ ఒకటి ఉందని బావమరిది చెబితే, షాపు ఫోన్‌లో అదే పెట్టించాడు.

అప్పటి నుంచి ఆ సెలూన్‌లో ఎప్పుడూ ఏదో ఒక నవల నడుస్తూనే ఉంటుంది. చదివే ఆవిడ ఎవరో, ఏ ఊరో ఎవరికీ తెలియదు. కానీ ఆమె గొంతు కత్తెరాయనకు కొట్టిన పిండి. నవ్వొచ్చే మాట ముందు ఆమె చిన్నగా ఊపిరి తీసుకుంటుంది. అది వినపడగానే ఆయన కత్తి గడ్డం మీంచి పైకి లేచిపోతుంది. కుర్చీలో మనిషి కడుపారా నవ్వి స్థిమితపడ్డాక మళ్లీ దిగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు కత్తి ఎందుకు ఆగిందా అని అనుకునేలోపే నవ్వేస్తారు.

ఆ షాపులో నియమం ఒక్కటే. ఎవరూ ముందుకెళ్లి వినకూడదు. షాపు తెరిచి ఉన్నప్పుడే వినాలి, అందరితో కలిసే వినాలి. రాలేకపోయిన వాళ్లకు పక్కవాళ్లు జరిగింది చెప్పాలి. ఒకసారి కరెంటు సామాన్ల కొట్టాయన ఉండబట్టలేక ఇంట్లో నవలంతా వినేసి వచ్చి, కుర్చీలో కూర్చుని హంతకుడెవరో చెప్పబోయాడు. కత్తెరాయన పల్లెత్తు మాట అనలేదు. సగం గీసిన గడ్డంతో అతన్ని లేపి, అధ్యాయం అయ్యేదాకా గుమ్మం బయట నిలబెట్టాడు. కొట్టాయనకు తల కొట్టేసినట్టయింది. ఆ మనిషిని మళ్లీ షాపు గడప తొక్కించేసరికి కత్తెరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

అలాంటి మనిషికి విదేశ ప్రయాణం పడింది.

ఆయన్ని చిన్నప్పటి నుంచి పెంచిన అక్క ఏళ్ల తరబడి పరాయి దేశంలో ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేస్తోంది. మోకాలికి ఆపరేషన్ అన్నారు. దగ్గరుండే మనిషి లేడు. "నేనొస్తున్నా, నువ్వు దిగులు పడకు" అని ఆయన ఫోన్‌లో గట్టిగా చెప్పాడు. ఫోన్ పెట్టేశాక భార్య వైపు తిరిగి, "విమానం ఎక్కడం ఎలాగే?" అని అడిగాడు.

ఆమెకు మాత్రం ఏం తెలుసు. ఇద్దరూ కలిసి తమ్ముడి మీద పడ్డారు. అతను ఒంటి చేత్తో అన్నీ చక్కబెట్టాడు. టికెట్టు తీశాడు, మధ్యలో విమానం ఎక్కడ మారాలో పదిసార్లు చెప్పాడు, విదేశంలో నెట్ వాడుకోవడానికి డేటా ప్యాక్ కూడా వేయించాడు. "బావా, నువ్వు దిగ్గానే ఫోన్ దానంతటదే పనిచేస్తుంది. నువ్వేం నొక్కక్కర్లేదు" అన్నాడు. ఏమీ నొక్కక్కర్లేదన్న మాట బావకు బాగా నచ్చింది.

బయల్దేరే ముందు ఆయన అద్దం దగ్గర నిలబడి కత్తెరలు తుడిచి పెట్టాడు. అప్పుడు షాపులో నడుస్తున్నది ఒక దీపస్తంభం కాపలాదారు కథ. తుఫాను రాత్రి దీపం ఎవరో ఆర్పేశారు, ఓడ ఒకటి కనపడకుండా పోయింది. ఎవరు ఆర్పారన్నదే అందరి బెంగ.

"నాకోసం పుస్తకం ఆపొద్దు. జనం దానికోసమే వస్తారు. నేనొచ్చాక జరిగింది నువ్వు చెబుదువుగాని" అన్నాడు భార్యతో.

"మీ ఫోన్‌లోనూ ఉందిగా. అక్కడ వినండి, ఎవరు చూడొచ్చారు?"

"రూలు రూలే" అన్నాడాయన.

ఆ రోజు సాయంత్రానికి ఆయన అక్క ఉన్న ఊళ్లో దిగాలి. అక్క ఇంటి పక్కాయన అట్ట మీద పేరు రాసుకుని విమానాశ్రయానికి వెళ్లాడు. విమానం వచ్చింది. దిగినవాళ్లందరూ పెట్టెలు లాక్కుంటూ వెళ్లిపోయారు. కత్తెరాయన జాడ లేదు. అక్క ఫోన్ చేసి ఏడుపు మొదలుపెట్టింది. ఆయన నంబరుకు చేస్తే అందుబాటులో లేదంది. మెసేజీలు పెడితే ఒక్కొక్కదాని పక్కన ఒకే ఒక్క టిక్కు పడి ఊరుకుంది. విమానాల కంపెనీకి చేస్తే సంగీతం వినిపించి, వేచి ఉండమని చెప్పి, మళ్లీ సంగీతం వినిపించింది.

తెల్లారాక కూడా కబురు లేదు. షాపు తీయొద్దని తమ్ముడన్నాడు. కత్తెరమ్మ వినలేదు. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడేలా ఉన్నాయి, షాపులో అయితే కనీసం ఊడవడానికి నేలైనా ఉంటుంది. ఆమె షట్టరు ఎత్తించింది, అద్దం తుడిచింది, కుర్చీలు తుడిచింది. తర్వాత షాపు ఫోన్ తీసి చీర చెంగుతో తుడుస్తుంటే పాత మెసేజ్ ఒకటి కంటపడింది. "విదేశాల్లో వాడుకునే మీ డేటా ప్యాక్ సిద్ధంగా ఉంది."

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. "ఒరేయ్, ఇది మీ బావ ఫోన్‌కి కదా రావాల్సింది?"

తమ్ముడి చేతిలో దువ్వెన ఆగిపోయింది. ప్యాక్ వేయించింది షాపు ఫోన్ నుంచి. రీచార్జి యాప్‌లో ఉన్నది షాపు నంబరు. విదేశాలకు వెళ్లాల్సిన ప్యాక్ హాయిగా అద్దం కింద పౌడరు డబ్బా పక్కన కూర్చుంది. దేశం దాటిన మనిషి ఏమీ లేకుండా దాటాడు.

"అక్కా..." అన్నాడు తమ్ముడు.

"మాట్లాడకు" అంది ఆమె. తిట్టడానికి కూడా ఓపిక లేదు. నాలుగు వీధుల అవతలి ఆసుపత్రికే దారి అడుగుతూ వెళ్లే మనిషాయన. భాష రాని చోట, ఫోన్ లేకుండా, ఎక్కడ ఏ బెంచీ మీద కూర్చున్నాడో, తిన్నాడో లేదో, అసలు ఏమైనా జరిగిందో. ఆ చివరి మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె చీపురు అందుకుంటోంది. ఊడ్చిన నేలనే మళ్లీ ఊడుస్తోంది.

లెక్కల మాష్టారు ఎప్పటిలాగే మొదటి బేరంగా వచ్చారు. రిటైరయ్యాక ఆయనకు గడ్డం కంటే నవల ముఖ్యం. సంగతి విని, తువ్వాలు కప్పించుకుంటూనే, "ఇవాళ పుస్తకం వద్దులేమ్మా" అన్నారు.

"పెట్టండి మాష్టారూ. ఈ నిశ్శబ్దం నేను భరించలేను" అంది కత్తెరమ్మ.

తమ్ముడు నొక్కాడు. స్పీకరులోంచి ఆ ఆవిడ గొంతు మొదలైంది. కాపలాదారు మెట్లెక్కుతున్నాడు. కింద సముద్రం, పైన చీకటి గది. తలుపు మీద చెయ్యి వేశాడు, తలుపు తోసి చూస్తే లోపల...

గొంతు టక్కున ఆగిపోయింది.

"ఏరా, చార్జింగ్ పెట్టలేదా?" అంది ఆమె.

"నిండా ఉందక్కా." తమ్ముడు ఫోన్ తీసి చూశాడు. తెర మీద చిన్న అక్షరాలు. అతను పైకి చదివాడు. "మీ ఖాతా ఇప్పుడు మరో ఫోన్‌లో వినిపిస్తోంది."

కత్తెరమ్మ చీపురు పట్టుకునే ఆగిపోయింది. "మరో ఫోన్ అంటే?"

"ఈ ఖాతా రెండు ఫోన్లలోనే ఉందక్కా. ఒకటి ఇది. రెండోది బావది. ఒకదాంట్లో పెడితే రెండోదాంట్లో ఆగిపోతుంది."

మాష్టారు మెల్లగా, "తొందరపడకమ్మా. ఫోన్ ఎవరి చేతిలో పడిందో" అన్నారు.

"దొంగెత్తుకెళ్లిన ఫోన్‌లో దొంగ నవల పెట్టుకుని వింటాడా మాష్టారూ?" అంటూనే ఆమె తమ్ముడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. నొక్కింది.

ఆవిడ గొంతు మళ్లీ వచ్చింది, అవతలి ఫోన్‌లో ఆగిన చోటి నుంచి. కానీ కాపలాదారు ఇప్పుడు మెట్ల మీద లేడు. ఒడ్డున ఎవరితోనో పోట్లాడుతున్నాడు. ఆ పోట్లాట ఎక్కడిదో, ఆ మనిషి ఎవరో షాపులో ఎవరికీ తెలియదు. "అయ్యో, ముందుకెళ్లిపోయింది, ముందుకెళ్లిపోయింది" అంటూ మాష్టారు నురగ మొహంతోనే రెండు చెవులూ మూసుకున్నారు. అంతలో గొంతు మళ్లీ ఆగింది. అవే అక్షరాలు. మరో ఫోన్‌లో వినిపిస్తోంది.

ఆమె మళ్లీ నొక్కింది. ఇక్కడ మొదలైంది. రెండు మాటలు రాలేదు, ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఆగింది. ఈసారి ఇంకా త్వరగా ఆగింది.

ఆ విసురు ఆమెకు తెలుసు. గేటు గొళ్లెం పడకపోతే ఆయన అలాగే కొడతాడు, ఒకటికి మూడుసార్లు, పళ్లు నూరుకుంటూ. బావిలో చేద తాడు ఒక కొసన తను పట్టుకుంటే రెండో కొసన ఎవరో లాగినట్టుంది. పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసొచ్చి, ఏది ముందు బయటికి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"ఆయనే. కోపమొచ్చింది ఆయనకి" అంది. "ఒరేయ్, నెట్ ఉంటేనే కదా వినపడేది? ఫోన్ చెయ్యరా."

తమ్ముడు తన మెసేజీలు చూశాడు. రాత్రంతా ఒకే టిక్కుతో ఉన్నవన్నీ ఇప్పుడు రెండేసి టిక్కులతో ఉన్నాయి. షాపు ఫోన్‌లోంచే నెట్ కాల్ కలిపాడు. స్పీకరుకి కలిపి ఉందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. అద్దం పైనుంచి గంట మోగింది, ఒకసారి, రెండుసార్లు. మూడోసారి మోగుతుండగా కత్తెరాయన గొంతు షాపంతా నిండిపోయింది.

"ఎవరు? ఎవరక్కడ నా పుస్తకం ఊరికే ఆపేస్తున్నది?"

కత్తెరమ్మ అద్దం దగ్గరికి పరుగున వచ్చింది. తమ్ముడే అందుకున్నాడు. "బావా, ఎక్కడున్నావు?"

"నాకేం తెలుసురా? మంచు పట్టేసిందని మొదటి విమానాన్నే వేరే ఊళ్లో దించారు, మారాల్సిన విమానం వెళ్లిపోయింది. అందర్నీ బస్సెక్కించి ఏదో హోటల్లో పెట్టారు. మధ్యాహ్నం ఇంకో విమానం అంటున్నారు. ఇంటికి వంద సార్లు చేశాను, ఎవరో ఆవిడ ఏదో భాషలో మాట్లాడి పెట్టేస్తోంది. కంపెనీవాళ్లు మీకు చెప్పే ఉంటారనుకున్నా."

"మరి నెట్ ఎలా వచ్చింది బావా?"

"నెట్టా? నాకు నెట్ ఎక్కడిది? పొద్దున్నే కింద కౌంటర్లో అమ్మాయి ఫోన్ తీసుకుని ఏదో నొక్కి ఇచ్చింది. పేరు రాసుకుందనుకున్నా. పుస్తకమంటే ఫోన్‌లోనే ఉంటుందిగా, అది పెట్టుకున్నాను."

హోటల్ వైఫై కలిపి ఇచ్చిందని తమ్ముడు చెప్పబోయి, అది తర్వాత తీరిగ్గా చెప్పొచ్చని ఊరుకున్నాడు. ప్యాక్ సంగతి అసలే ఎత్తలేదు.

"మీరు తిన్నారా?" అని కత్తెరమ్మ ఎట్టకేలకు అడిగింది.

ఆ గొంతు వినగానే ఆయన స్వరం తగ్గించాడు. "తిన్నాన్లే. నువ్వు ఏడ్చావా?"

"లేదు."

"నేను ముందుకెళ్లి వినాలని కాదే. ఈ గదిలో ఒక్కణ్ణే, బయట ఒక్క మాటా అర్థం కాదు. భయమేసింది. ఆ గొంతు వింటే మన షాపులో కూర్చున్నట్టుంటుందని పెట్టాను. కాసేపే అనుకున్నా, రెండు అధ్యాయాలైపోయాయి." కొంచెం ఆగి అన్నాడు. "మాష్టారికి మాత్రం చెప్పకు."

మాష్టారు గొంతు సవరించుకున్నారు. "నేనిక్కడే ఉన్నానోయ్. మొత్తం షాపు వింటోంది."

షాపులో ఉన్న ముగ్గురూ పగలబడి నవ్వారు. మాష్టారి మొహం మీది నురగ తువ్వాలు మీదికి చింది పడింది. "వచ్చాక సగం గడ్డంతో బయట నిలబెడతాం" అన్నారాయన. ఆ శిక్షకు కరెంటు కొట్టాయన్ని కూడా పిలవాలని తమ్ముడన్నాడు.

తర్వాత కత్తెరాయన అక్కకు కబురు చేశారు. ఆమె ఈసారి సంతోషం పట్టలేక ఏడ్చింది. ఆపరేషన్ ఎల్లుండి కాబట్టి తన తమ్ముడు వేళకే వస్తాడంది. పక్కాయన మళ్లీ అట్ట ముక్క పట్టుకుని వెళ్తానన్నాడు. కత్తెరమ్మ తమ్ముడు కూర్చుని బావ నంబరు మీద కొత్త ప్యాక్ వేయించాడు, నంబరు తన అక్కకు చూపించి మరీ. కత్తెరమ్మకు అప్పుడు గుర్తొచ్చి, దాచిపెట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి వాడిమీద కుమ్మరించింది. వాడు తలొంచుకుని నవ్వుతూ పడ్డాడు.

"ఇక పుస్తకం పెట్టనా అక్కా? మనం విన్న చోటికి వెనక్కి తీసుకెళ్తా."

"వద్దు. మనం పెడితే ఆయనకు ఆగిపోతుంది" అంది ఆమె. "విమానం ఎక్కేదాకా విననీ. ఇవాళ ఎవరూ ఆ ఫోన్ ముట్టుకోవద్దు."

మాష్టారు తల వెనక్కి వాల్చారు. ఆ పూట సెలూన్‌లో కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వచ్చినవాళ్లు పుస్తకం ఏదని అడిగితే, తన మొగుడు వింటున్నాడని కత్తెరమ్మ చెప్పింది. పొద్దున భరించలేనన్న నిశ్శబ్దంలోనే ఇప్పుడు హాయిగా తువ్వాళ్లు మడత పెట్టుకుంటోంది. ఫోన్‌ను పౌడరు డబ్బాకు ఆనించి నిలబెట్టింది. తెర ఆరిపోయినప్పుడల్లా వెళ్లి వేలితో తాకుతోంది. మరో ఫోన్‌లో వినిపిస్తోంది, అని చదువుకుని మళ్లీ పనిలో పడుతోంది.