బందోబస్తులో తమ్ముడు, గోల్‌లో ఆయన

మా ఆయన కొండపల్లి జట్టుకి గోల్‌కీపర్. థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం, ఆదివారమైతే బంతి. మా తమ్ముడు విజయవాడలో కానిస్టేబుల్. పెళ్ళైన కొత్తలో వాళ్ళిద్దర్నీ దగ్గర చేసింది నేను కాదు, ఫుట్‌బాలే. సెలవు దొరికితే చాలు, తమ్ముడు మా ఇంటికొచ్చి, నన్ను సరిగ్గా పలకరించకుండానే బావని గ్రౌండ్‌కి లాక్కుపోయేవాడు.

ఒక ఏడు జిల్లా పోటీల ఫైనల్ విజయవాడలో, వన్ టౌన్ జట్టుతో పడింది. బందోబస్తు డ్యూటీ తమ్ముడికి వేశారు. "బావా, నీ గోల్ వెనకాలే నిలబడతా. నువ్వు వదిలేసిన బంతులన్నీ నేనే ఏరిస్తాలే" అని పొద్దున్నే ఫోన్ చేసి ఏడిపించాడు.

నేనూ చూడ్డానికి వెళ్ళాను. ఆట ముగియబోతుండగా మావాళ్ళు వేసిన గోల్‌ని రెఫరీ చెల్లదన్నాడు. మా వైపు జనం తాడు తెంచుకుని లోపలికి దూకారు. అవతలివాళ్ళూ దిగారు. కుర్చీలు గాల్లోకి లేచాయి, ఆ వెనకే రాళ్ళు. పోలీసులు విజిళ్ళు ఊదుతూ మధ్యలోకి వచ్చారు. మా వైపు నుంచే వచ్చిన ఒక రాయి తమ్ముడి కనుబొమకి తగిలింది. మొహమంతా రక్తం. ఆయన గోల్ వదిలేసి పరుగెత్తి వాడి భుజం పట్టుకున్నారు. ఎవరో మీద పడ్డారనుకుని వాడు గుడ్డిగా లాఠీ విసిరాడు. ఆ దెబ్బ ఆయన మణికట్టు మీద పడింది.

ఇద్దర్నీ ఒకే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

కట్టు విప్పాక కూడా ఆయన వేళ్ళు పూర్తిగా ముడుచుకోలేదు. ఆట అక్కడితో సరి. తమ్ముడు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు.

"కళ్ళల్లోకి రక్తం కారిపోయింది. నువ్వని తెలీలేదు బావా."

"నేనని తెలిస్తే కొట్టేవాడివి కాదు, సరే. నేను కాకపోతే?"

వాడు కనుబొమ మీది మచ్చ తడుముకున్నాడు. "నా మీద పడ్డ రాయి మీ జట్టు కోసం విసిరిందేగా? దాన్నేమంటావు?" అన్నాడు.

ఆ పోటీలకి మళ్ళీ అనుమతి రాలేదు. తమ్ముడు గన్నవరం బదిలీ చేయించుకున్నాడు. ఇప్పటికీ వస్తాడు. పిల్లల చదువులు, ఎండలు మాట్లాడుకుంటారు. నవ్వుకుంటారు కూడా. కానీ గేటు దగ్గరనుంచే "బావా!" అని అరుచుకుంటూ వచ్చే మనిషి, ఇప్పుడు కాలింగ్ బెల్ కొట్టి నిలబడతాడు. అది విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మొన్న భోజనాల వేళ టీవీలో, ఎక్కడో విదేశంలో, ఫుట్‌బాల్ అభిమానులూ పోలీసులూ కొట్టుకోవడం చూపించారు. తమ్ముడు ఎంగిలిచేత్తోనే లేచి టీవీ కట్టేశాడు.

"వాడికి ఇంకాస్త పెరుగు వెయ్యి" అన్నారు మా ఆయన.